మేకప్ అక్క మెత్తటి కుంచె

పోయిన మంగళవారం పొద్దున జనగామ నుంచి కబురొచ్చింది, మేకప్ అక్క పోయిందని. నాకు వెంటనే ఏడుపు రాలేదు. "నిజంగనే పోయిందా? మంచిగ చూసిండ్రా?" అని అడిగాను. కబురు తెచ్చినాయన నన్ను వింతగా చూసి, "దవాఖానలనే పోయింది. డాక్టర్లు చూసే పంపిండ్రు" అన్నాడు. నేనలా ఎందుకు అడిగానో మా లింగాల ఘనపూర్ పెద్దవాళ్లకు తెలుసు. మిగతావాళ్లకు చెప్పాలి.

అక్కది మహబూబాబాద్ దగ్గరి పల్లె. చిన్న వయసులోనే నాటకాల కంపెనీలో చేరి వేషాలకు రంగులు వేయడం నేర్చుకుంది. అరవై తొమ్మిది ఉద్యమంలో ఊళ్లల్లో నాటకాలు ఆగి కంపెనీ చెదిరిపోతే, జనగామలో గది అద్దెకు తీసుకుని పెండ్లికూతుళ్లను తయారు చేయడం మొదలుపెట్టింది. నా పెండ్లికీ ఆమే వచ్చింది. గుడ్డసంచి విప్పి చాప మీద కుంచెలు పరిచింది.

"నాలుగే ఉన్నయేంది అక్కా?" అన్నాను.

"ఒక్క మొఖానికి నాలుగు చాలు చెల్లె."

వెడల్పుది రంగు పూయడానికి, గుండ్రటి మెత్తటిది పౌడరుకు, సన్నది కనుబొమ్మలకు, పొట్టిది పెదవులకు. కొనేటప్పుడు అంగట్లోనే కుంచెను కంటిరెప్ప మీద రాసి చూసుకునేదట. "చెంపకు ఏదైనా మెత్తగనే తగులుతది. రెప్ప అబద్ధం చెప్పది" అనేది. పౌడరు అద్దుకున్నాక కుంచెను మణికట్టు మీద తట్టి, ఎక్కువైంది రాల్చి, అప్పుడు మొఖం మీదికి తెచ్చేది. పనయ్యాక కుంకుడు పులుసుతో కడిగి, వెంట్రుకలు కిందికుండేలా దండేనికి కట్టేది. నీళ్లు పిడిలోకి దిగితే వెంట్రుకలు ఊడిపోతాయట.

పెండ్లయిన రెండో ఏడు వానకాలంలో, నిద్రలో నన్ను కట్లపాము కరిచింది. తెల్లారేసరికి రెప్పలు లేవలేదు. తర్వాత నాలుక, ఆ తర్వాత చేతులు మొద్దుబారాయి. నాడి పట్టి చూసిన పెద్దమనిషి "అయిపోయింది" అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. ఆ రోజు అన్నీ విన్నాను.

పసుపునీళ్లు పోసి, పెండ్లిచీర కట్టి పడుకోబెట్టారు. వాకిట్లో వెదుర్లు చీలుస్తున్న చప్పుడు. అవి ఎందుకో నాకు తెలుస్తూనే ఉంది. నన్ను కన్న మా అవ్వ మాత్రం ఒకటే మాట పట్టుకుంది. "నా బిడ్డ మొఖం నల్లబడ్డది. పెండ్లినాడు ఎట్లుండెనో గట్లనే పంపాలె." జనగామకు మనిషిని తోలింది.

అక్క వచ్చింది. నా పక్కన కూర్చుని గాజులు పైకి తోసుకోవడం వినిపించింది. వెడల్పు కుంచె చల్లగా నుదుటి మీంచి దిగింది. పెండ్లినాడు అదే కుంచె తగిలితే చక్కిలిగింత పెట్టి నవ్వాను. ఇప్పుడు లోపల కేక పుట్టింది, కానీ గొంతు దాకా రాలేదు. సన్నది కనుబొమ్మ మీద నడిచింది. ఒకచోట తప్పితే కొనవేలితో తుడిచి మళ్లీ దిద్దింది. చివరికి పౌడరు కుంచె. చెంపలు, గడ్డం, ముక్కు. పై పెదవి దగ్గరికొచ్చి ఆగింది. చాలాసేపు అక్కడే ఆగింది.

"జర ఏడుపు ఆపుండ్రి," అంది అక్క. గొంతు పెద్దది చేయలేదు. "ఆ తలుపు దగ్గరికేయుండ్రి. గాలి రావద్దు."

ఇల్లంతా నిశ్శబ్దమైంది. వెదుర్ల చప్పుడు కూడా ఆగింది.

"అవ్వా, ఇటు చూడు. కుంచె ఎంట్రుకలు కదులుతున్నయి."

"ఏంది బిడ్డా?"

"నీ బిడ్డ పోలే. బండి తెమ్మను."

జీపులో వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ మందులిచ్చి, గాలి అందించి నన్ను నిలబెట్టారు.

తిరిగి వచ్చాక ఊరు నన్ను వేరుగా చూసింది. నేను పోతే బాయికాడ మాటలు ఆగిపోయేవి. ఒకామె నా నీడ తన బిడ్డ మీద పడకుండా పక్కకు జరిగింది. నేను జనగామ పోయి అక్కను కలిశాను. కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక, "ఎడమ కనుబొమ్మ తప్పి మళ్లా దిద్దినవు గదా అక్కా" అన్నాను.

అక్క చేతిలో చాయ గ్లాసు కింద పెట్టేసింది. "నీకు తెలిసిందా?"

"అంతా తెలిసింది."

 ఆమె గోడ వైపు చూస్తూ అంది. "నీకన్న ముందు చిట్యాల దిక్కు పోయిందన్న ఒకామెకు పూసిన. కంపెనీల మాతోని ఉన్న పిల్లకు పూసిన. వాళ్ల ముక్కు కింద చూడలే చెల్లె."

చల్లారిపోయిన చాయ గ్లాసు తీసి ఆమె చేతికిచ్చాను. 

ఆ తర్వాత పెండ్లివాళ్లు అక్కను పిలవడం మానేశారు, శవానికి పూసిన చేతులని. మా ఆడబిడ్డ పెండ్లి కుదిరినప్పుడు మా అత్త కూడా అదే అంది. ఆడబిడ్డ వినలేదు. "శవమెవరు? మా వదినె దినాం నాకు అన్నం పెడుతది. ఆ అక్కనే రావాలె" అని మొండికేసింది. అక్క వచ్చింది. ఆ పెండ్లి చూసినవాళ్లు మెల్లగా మళ్లీ పిలవడం మొదలుపెట్టారు.

కానీ అక్కకు కొత్త అలవాటు పట్టుకుంది. రంగు ముట్టకముందే పొడి కుంచెను పెండ్లికూతురు ముక్కు కింద పట్టి, తల వంచి చూసేది. పెండ్లిపిల్లలు చక్కిలిగింతకు కిలకిల నవ్వేవాళ్లు. అక్క నవ్వేది కాదు. వెంట్రుకలు కదలడం కళ్లారా చూశాకే ఊపిరి వదిలేది. ఆ గదిలో ఉంటే నేనూ అప్పటిదాకా ఊపిరి బిగబట్టేదాన్ని.

మొన్న ఎండాకాలం మంచం పట్టి ఉండగా అక్క నాతో అంది. "నేను పోయినంక నాకు మీరేం పూయకుండ్రి. ఉత్త నీళ్లతోని కడుగుండ్రి."

కబురొచ్చిన నాడు జనగామ పోయి అలాగే చేశాను. చెంబులో నీళ్లు తీసుకుని నేనే కడిగాను. ఇన్నేళ్లలో పౌడరు లేని అక్క మొఖం నేనెన్నడూ చూడలేదు. చెంపల నిండా, నుదుటి నిండా, ఎప్పుడో చిన్ననాడు అమ్మవారు పోసిన గుంటలు. తుడవబోయి చెయ్యి ఆపుకున్నాను. ఒక్కో గుంటలో ఒక్కో నీటిచుక్క నిలిచి ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండ ఆ చుక్కలన్నిటిలో వెలుగుతోంది.