జలపాతం చూడొచ్చి కుళాయిని చేసుకున్న పిన్ని

"మీ ఆయన ఏం చేస్తారండీ" అని ఎవరైనా అడిగితే మా పిన్ని "జలపాతం కట్టేస్తారు" అంటుంది. ఈవిడకి కాస్త తేడా ఉన్నట్టుందనుకుని అడిగినవాళ్ళు ఒక నవ్వు నవ్వి ఊరుకుంటారు. తేడా ఏమీ లేదు. మా బాబాయి ఉద్యోగం అదే. పొద్దున మొదటి బస్సు రాకముందే కొండెక్కి వాల్వు తిప్పి జలపాతం తెరుస్తాడు. సాయంత్రం ఆఖరి బస్సు వెళ్ళాక కట్టేసి, గదికి తాళం వేసుకుని ఇంటికొస్తాడు.

ఒకప్పుడు అది సొంతంగానే పడేదట. పైన ఊళ్ళకి మంచినీళ్ళ కోసమని రిజర్వాయరు కట్టాక వాగు నీళ్ళన్నీ అందులోకి పోయి, కింద ఉత్త బండ మిగిలింది. అప్పటికే పోస్టర్లు అచ్చయిపోయాయి, లాడ్జీలు వెలిశాయి. జలపాతం లేదంటే ఊరంతా అడుక్కుతినాల్సిందే. అందుకని నీటి సరఫరా ఆఫీసువాళ్ళు రిజర్వాయరు నుంచి బండ అంచు దాకా ఒక లావు గొట్టం వేసి, దాని మూతి కనబడకుండా పొదలు పెంచి, వాల్వుకి ఇనుపతలుపు గది కట్టి, అందులో మా బాబాయిని పెట్టారు. కింద బోర్డు మీద 'ప్రకృతి ఒడిలోకి స్వాగతం' అని పెద్ద అక్షరాలు. దాని కిందే 'సందర్శన వేళలు' అని చిన్న అక్షరాలు. ప్రకృతికి వేళలేమిటని ఒక్క మహానుభావుడైనా అడిగిన పాపాన పోలేదు.

వచ్చేవాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు. జలపాతం ఎదురుగా రెయిన్‌కోట్లు అద్దెకిచ్చే కొట్టు నాదే. పోస్టరులో నీళ్ళు కొండని చీల్చుకుని దూకుతుంటాయి. ఇక్కడికొచ్చి చూస్తే డాబా మీద ట్యాంకు నిండి పొర్లుతున్నట్టుంటుంది. బస్సు దిగిన ప్రతివాడూ ముందు దాన్ని చూస్తాడు, తర్వాత దాని వెనక ఇంకేమైనా ఉందేమోనని చూస్తాడు, ఆఖరికి నన్ను చూస్తాడు, నేనేదో దాచిపెట్టినట్టు. నేనేం చేస్తాను, రెయిన్‌కోటు కావాలా సార్ అంటాను. తీసుకుంటారు కూడా. అంత దూరం వచ్చి తడవలేదంటే నామోషీ కదా. కోటు వేసుకుంటే కనీసం ఫోటోలోనైనా తడిసినట్టుంటారు.

పిన్ని కూడా అలా పోస్టరు చూసి మోసపోయి వచ్చిన మనిషే. అప్పట్లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. తోటి అమ్మాయిలంతా కలిసి బస్సు మాట్లాడుకుని వచ్చారు. ఈవిడ ఈ ప్రయాణం కోసమే కొత్త చెప్పులు కొనుక్కుంది. జలపాతం ముందు నిలబడి "ఇదేనా" అని మూతి విరిచిందట. ఆ విరుపులో కాలు జారి, ఒక చెప్పు మడుగులో పడి గిర్రున తిరిగి, సరిగ్గా ధార పడేచోట రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. మిగతావాళ్ళు బస్సెక్కేశారు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఈవిడ మాత్రం చెప్పు లేకుండా కదిలేది లేదని బండ మీద భీష్మించుకు కూర్చుంది.

పైనుంచి బాబాయి ఇదంతా చూస్తున్నాడు. ఉద్యోగంలో చేరి అప్పటికింకా ఎన్నాళ్ళో కాలేదు. సందర్శన వేళల్లో నీళ్ళు ఆపకూడదన్నది ఆ ఉద్యోగానికున్న ఒకే ఒక్క నియమం. ఆ ఒక్కదాన్నీ ఆ రోజే గాలికొదిలేశాడు. ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగిపోయింది. పిన్ని లేచి వెళ్ళి చెప్పు తీసుకుని తల పైకెత్తింది. బండ అంచు మీదనుంచి ఒక తల తొంగిచూస్తోంది. ఇంకొకరైతే దేవుడే ఆపాడని అక్కడికక్కడే దండం పెట్టేవాళ్ళు. ఈవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏవండోయ్, కుళాయి కట్టింది మీరేనా?"

"నేనేనండీ. చెప్పు దొరికిందా?"

తర్వాతి సెలవుకి పిన్ని ఒంటరిగా వచ్చింది. ఆ తర్వాతి సెలవుకీ వచ్చింది. ఈసారి ఏం పోగొట్టుకున్నావని ఇంట్లో అడిగితే చెప్పలేదట. పెళ్ళయ్యాక మాత్రం అందరికీ చెప్పింది, జలపాతం చూద్దామని వచ్చి కుళాయిని చేసుకున్నానని. కొన్ని రోజులు అది మురిపెంగా అంటుంది, కొన్ని రోజులు పళ్ళు కొరుకుతూ అంటుంది.

పళ్ళు కొరకడానికి కారణం లేకపోలేదు. లోకానికంతటికీ సెలవున్న రోజున మా బాబాయికి పని. పిల్లలకి బళ్ళు మూస్తే పని, ఆఫీసులు మూస్తే పని. ఊరికి విహారయాత్రకొచ్చిన ఆవిడకి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంకో విహారయాత్ర లేదు. పాత క్యాలెండరులోంచి ఒక నిజం జలపాతం బొమ్మ చించి బీరువా తలుపు లోపల అంటించుకుంది. "నాకు ఎవరూ తెరవక్కర్లేని జలపాతం ఒక్కటి చూడాలనుందండీ" అని ప్రతి ఏడూ అడిగేది. బాబాయి ప్రతి ఏడూ వచ్చే ఏడు అనేవాడు. సంచి సర్దడం, ఆఖరి నిమిషంలో ఎవరో పెద్దాఫీసరు కుటుంబంతో దిగడం, సంచి విప్పడం. అప్పుడు పిన్ని తిట్టడం మొదలుపెడితే కింద జలపాతం చప్పుడు వినిపించేది కాదు.

ఈ ఏడు మోకాళ్ళు మొండికేశాయి. డాక్టరు రెండింటికీ ఆపరేషన్ అన్నాడు, ఆ తర్వాత కొండలూ మెట్లూ మర్చిపొమ్మన్నాడు. ముందు జలపాతం, తర్వాతే కత్తి అని పిన్ని తేల్చి చెప్పింది. ఇప్పుడు వెళ్ళకపోతే ఇక వెళ్ళడం లేదని బాబాయికీ అర్థమైంది. కొత్తగా వచ్చిన ఇంజనీరు ఏ కళనున్నాడో సెలవిచ్చాడు. ఆ నాలుగు రోజులూ వాల్వు తిప్పే పని నా నెత్తిన పడింది.

నేర్పించడానికి బాబాయి నాకు చుక్కలు చూపించాడు. చక్రం గభాలున తిప్పకూడదట, గొట్టం అదిరిపోతుందట. చెవి ఆనించి, లోపల నీళ్ళు ఏమంటున్నాయో వినాలట. నేను తిప్పుతుంటే "వాల్వు తిప్పుతున్నావా, పిండి రుబ్బుతున్నావా" అని సణిగేవాడు. తాళం చెవి మాత్రం చేతికివ్వలేదు. ప్రయాణం ముందురోజు తనే కట్టేసి, తనే తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, పొద్దున బస్సెక్కేముందు ఇస్తాలే అన్నాడు.

పొద్దున ఏం జరిగిందో వేరే చెప్పాలా? పిన్ని కొత్త చెప్పులు కొంచెం కరుస్తున్నాయి. టిఫిన్ క్యారియర్ మూత పట్టడం లేదు. బస్సు కదులుతోంది. నేను చెయ్యి ఊపాను. వాళ్ళిద్దరూ చెయ్యి ఊపారు. తాళం చెవి కూడా బాబాయి జేబులోంచి చెయ్యి ఊపే ఉంటుంది.

కొండెక్కి ఇనుపతలుపు ముందు నిలబడ్డాక గానీ తాళం చెవి సంగతి నాకు గుర్తురాలేదు. పైగా పండగ సెలవు, ఏడాదిలో అంత జనం వచ్చే రోజు ఇంకోటి లేదు. ఇంజనీరుకి ఫోన్ చేస్తే ఆయన అత్తారింట్లో ఉన్నాడు. రెండో తాళం చెవి మీ బాబాయి దగ్గరే ఉంది, నేను వచ్చేదాకా ఎవరైనా ఆ తలుపు ముట్టుకుంటే కేసు పెడతానన్నాడు. ఆ రెండోది ఎక్కడుందో నాకు తెలుసు. విడిగా ఉంటే పోతుందని బాబాయి దాన్ని మొదటిదానితో కలిపి ఒకే రింగుకి వేసుకున్నాడు. అంత జాగ్రత్త మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఉండదు.

అంతలో బాబాయి ఫోన్. బస్సు మారాల్సిన ఊళ్ళో దిగి చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టాడట.

"అమ్మాయ్, తాళాలు నా దగ్గరే ఉండిపోయాయే. తిరుగు బస్సెక్కేస్తున్నాం."

ఎక్కేస్తున్నాం అన్నాడు. వెనకనుంచి పిన్ని గొంతు వినిపిస్తుందేమోనని చూశాను. ఒక్క తిట్టు లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ తిట్టకుండా సంచి విప్పబోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఇంజనీరు దగ్గర ఇంకోటి ఉందట బాబాయ్, ఇచ్చి పంపారు, నీళ్ళు బ్రహ్మాండంగా పడుతున్నాయి అన్నాను. నా నోటికి అబద్ధాలు కొత్త కాదు, రోజూ రెయిన్‌కోట్లు అద్దెకిస్తున్నదాన్ని. కానీ బాబాయి అంత తేలిగ్గా నమ్మే ఘటం కాదు. మరి చప్పుడేదీ అన్నాడు. నేను కొట్టు వెనక్కి పరిగెత్తి, రెయిన్‌కోట్లు కడిగే కుళాయి పూర్తిగా విప్పి, కింద బకెట్టు పెట్టి, దాని దగ్గర ఫోన్ పట్టుకున్నాను.

బాబాయి చాలాసేపు విన్నాడు. "కొంచెం తగ్గించు. అంత తెరిస్తే కింద నిలబడినవాళ్ళు పడిపోతారు" అన్నాడు. కుళాయి కాస్త తిప్పాను. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అని పెట్టేశాడు.

నేను కుళాయి కట్టేసి కొట్టు ముందుకొచ్చాను. అప్పటికే బస్సులు దిగుతున్నాయి. వచ్చినవాళ్ళంతా ఎండిన బండని చూసి, ఎప్పటిలాగే నన్ను చూశారు. జలపాతం ఎక్కడమ్మా అని ఒక బొజ్జ పెద్దమనిషి నిలదీశాడు. నాకు విసుగొచ్చింది. స్టూలెక్కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. జలపాతానికి ఈరోజు సెలవు, అది గొట్టంలోంచి వచ్చే నీళ్ళు, దాన్ని తెరిచే మనిషి పెళ్ళాన్ని తీసుకుని నిజం జలపాతం చూడటానికి వెళ్ళాడు అన్నాను. లాడ్జీల వాళ్ళు నన్ను పచ్చిగా నమిలేసేలా చూశారు.

కొందరు తిట్టి వెళ్ళిపోయారు. చాలామంది ఉండిపోయారు. ధార పడేచోట ఎవరూ కాలు పెట్టని బండ అది. పిల్లలు దాని మీదికి ఎగబాకారు, పెద్దవాళ్ళు దుప్పట్లు పరుచుకుని అన్నాలు తిన్నారు. మడుగు అడుక్కి వెళ్ళిపోవడంతో ఏళ్ళతరబడి జనం పారేసుకున్న కళ్ళజోళ్ళూ గాజులూ, ఒక పళ్ళసెట్టూ బయటపడ్డాయి. పళ్ళసెట్టుతో ఫోటో దిగడానికి వరస కట్టారు. పోస్టరు చూసి వచ్చి ఇంత సంతోషంగా వెళ్ళినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. అయితే మర్నాడు ఇంజనీరు పరిగెత్తుకొచ్చి, తాళం బద్దలు కొట్టించి, ఇంకోసారి సందర్శన వేళల్లో నీళ్ళు ఆగితే మీ బాబాయి ఇంట్లో కూర్చోవాల్సిందేనని చెప్పి వెళ్ళాడు.

బాబాయీ పిన్నీ తిరిగొచ్చిన తీరు చూడాలి. పిన్ని కాళ్ళకి బాబాయి చెప్పులున్నాయి. బాబాయి ఉత్తకాళ్ళతో ఉన్నాడు. పిన్ని చేతిలో కొత్త చెప్పు ఒక్కటే ఉంది. బాబాయి నేరుగా లోపలికెళ్ళి పడుకున్నాడు. నా అబద్ధం గురించి కూడా అడగలేదు.

పిన్ని వంటింట్లో కూర్చుని చెప్పింది. అది జలపాతమంటే జలపాతమట. పక్కనున్న మనిషి మాట వినపడదట. చూడగానే ఏడుపొచ్చిందట. బాబాయి కాసేపు గుడ్లప్పగించి చూసి, అక్కడి కాపలావాడిని దీన్ని కట్టేదెవరని అడిగాడు. వాడు బాబాయిని ఎగాదిగా చూసి పక్కకి తప్పుకున్నాడు. అంతలో కటకటాల సందులోంచి పిన్ని చెప్పు జారి నీళ్ళలో పడింది. పిన్ని అలవాటుగా బాబాయి వైపు తిరిగింది. బాబాయి చేతులు కూడా అలవాటుగా లేచి, గాల్లో చక్రం తిప్పినట్టు సగం తిరిగి, ఆగిపోయాయి.

"పెరట్లో అంట్లు తోముకునే కుళాయికీ నాకూ తేడా ఏముందే అన్నారు. అంతే, దారంతా నోరు మెదపలేదు" అని పిన్ని కళ్ళు తుడుచుకుంది. "అది చాలా బాగుందే అమ్మాయ్. కానీ అక్కడ నేనున్నానో లేదో దానికి అక్కర్లేదు. ఈ మాట ఆయనకెలా చెప్పేది?"

మర్నాడు బాబాయి ఎప్పటిలాగే కొండెక్కాడు. మొదటి బస్సు దిగింది. "ఇదేనా" అని నా పక్కనే ఎవరో అన్నారు. లాడ్జీల వాళ్ళ చేత మాటలు పడ్డ ఇంజనీరు కూడా స్వయంగా వచ్చి, చేతులు కట్టుకుని ధారనే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడొచ్చింది పిన్ని, ఒక్కో మోకాలినీ బతిమాలుకుంటూ. జనాన్ని తోసుకుని మడుగు దాకా వెళ్ళి, చేతిలోని ఒంటిచెప్పుని సరిగ్గా ధార కిందకి విసిరేసింది. జతలేని చెప్పు, ఎందుకూ పనికిరానిది. నడుం మీద చేతులు పెట్టుకుని తల పైకెత్తింది.

"ఏవండోయ్, నా చెప్పు పడిపోయింది."

ఇంజనీరు పైకి చూసి వద్దు వద్దని చేతులు ఊపాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ధార సన్నబడింది, చుక్కలయింది, ఆగిపోయింది. పిన్ని తాపీగా రాళ్ళ మీద అడుగులేసుకుంటూ వెళ్ళి, వంగలేక వంగి చెప్పు తీసుకుంది. బండ అంచు మీదనుంచి తల తొంగిచూసింది. ఇప్పుడు దాని మీద జుట్టు లేదు.

"చెప్పు దొరికిందా?"

"దొరికిందండీ. ఇక తెరవండి, జనం చూస్తున్నారు."