పల్లవి దాటని హెడ్మాస్టరు

రెండువేల సంవత్సరం ప్రాంతంలో నేను పొన్నూరు దగ్గర ఒక బడిలో పనిచేశాను. మా హెడ్మాస్టరు గారికి పాత సినిమా పాటలంటే ప్రాణం, కొత్త పాటలంటే కంపరం. ఏ పిల్లాడైనా కొత్త పాట కూనిరాగం తీస్తే, "ఏరా, గొంతులో మిరపకాయ అడ్డంపడిందా?" అనేవారు. ఆ వెంటనే కళ్లు మూసుకుని, చూపుడువేలు గాల్లో తిప్పుతూ ఏదో పాత పల్లవి అందుకునేవారు. అది కాగానే, "ఆహా! ఇక చెప్పేదేముందండీ!" అని ఆపేసేవారు. అది పరవశమనుకునేవాణ్ణి.

వార్షికోత్సవం నాడు పిల్లల కొత్త పాటలన్నీ రద్దుచేసి, తానే మైకు పట్టుకున్నారు. పల్లవి రెండుసార్లు పాడారు. హార్మోనియం మాస్టారు చరణం కోసం ఎదురుచూశారు. ఈయన మూడోసారీ పల్లవే అందుకున్నారు. అప్పుడు వెనక కుర్చీలు సర్దుతున్న మా ఆయా చరణం ఎత్తుకుంది. తడుముకోకుండా పాటంతా పాడేసింది. జనం ఈలలు వేశారు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాను.

"పత్తి తీసేటప్పుడు మా అమ్మ పాడేదండి."

హెడ్మాస్టరు గారు మైకులో, "మా బడి శిక్షణ అలాంటిది!" అన్నారు.

మర్నాడు ఆయన గదికి వెళ్లాను. ఆయా చీపురు పట్టుకుని నిలబడి చరణాలు చెబుతోంది. ఆయన నోటుబుక్కులో రాసుకుంటున్నారు.

"నెమ్మదిగా చెప్పు. చెయ్యి నొప్పెడుతోంది," అని ఆమెను కసిరి, నా వైపు తిరిగారు. "రండి మాస్టారూ, కూర్చోండి."

ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను కూర్చున్నాను.