పార్కింగులో కునుకు

తొంభైలలో దోహాలో నేను పనిచేసిన జపాన్ కంపెనీలో నిద్రకు మంచి గౌరవం ఉండేది. మా మేనేజరు మీటింగులోనే గడ్డం ఛాతీకి ఆనించి కునుకు తీసేవాడు. ఎవరూ లేపేవారు కాదు. వాళ్ళ దేశంలో అది బద్ధకం కాదట, ఆ మనిషి ఒళ్ళు వంచి పనిచేశాడనడానికి సాక్ష్యమట. ఆయన విషయంలో అది నిజమే. పగలంతా ఉత్తరాన సైటులో ఉండి, చీకటి పడ్డాక ఊరి నడిబొడ్డున ముషైరిబ్‌లో ఉన్న ఆఫీసుకొచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చునేవాడు. ఆయన లేచేదాకా మేమూ లేవకూడదు. నేనూ ఇంజనీరింగు కాలేజీలో వెనకబెంచీ మీద ఇదే విద్య నేర్చుకున్నాను గానీ, అక్కడ దానికి మార్కులుండేవి కావు.

ఆయన కారు నడిపేది నిజామాబాదు మనిషి. ఎండలో పార పట్టి, పరీక్ష తప్పీ తప్పీ చివరికి లైసెన్సు తెచ్చుకుని, ఏసీ కారులోకి చేరాడు. ఈ స్టీరింగు పోతే మళ్ళీ దొరకదని అతనికి తెలుసు. మేనేజరును ఇంట్లో దింపాక అతను ఊరి బయట పనివాళ్ళుండే క్యాంపుకు చేరాలి. మేనేజరు లేవకముందే మళ్ళీ గుమ్మం ముందుండాలి. మధ్యలో మిగిలేదాన్ని నిద్ర అనడం కొంచెం అతిశయోక్తి.

"పెద్దసారు కారెక్కంగనే పండుకుంటడు సార్," అన్నాడోసారి. "నేను గూడ పండుకుంటే ఇద్దరం ఒక్కపారే పోతం. జర మీరు చెప్పున్రి."

చెప్పాను. మేనేజరు ముఖం సిగ్గుతో ఎర్రబడింది. పని తగ్గిద్దామన్న ఆలోచన ఆయనకు రాలేదు. నేరుగా కారు దగ్గరికెళ్ళి, అరచేతికి చెంప ఆనించి, కళ్ళు మూసి చూపించాడు. తను సైటులో పనిచేస్తున్నంతసేపూ కారులో పడుకోమని. డ్రైవరు నవ్వాడు. మర్నాటి నుంచి పడుకున్నాడు.

అయితే అతనికి జీతమిచ్చేది మేము కాదు, మనుషుల్ని సరఫరా చేసే ఇంకో కంపెనీ. దాని సూపర్‌వైజరు ఒక మధ్యాహ్నం సైటు పార్కింగులో కారు అద్దం మీద కొట్టి లేపాడు. డ్యూటీలో నిద్రపోయాడని వీసా రద్దుచేసి పంపించేస్తున్నామన్నాడు.

మేనేజరు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ ఆఫీసుకెళ్ళాడు. వాళ్ళ పద్ధతిలో క్షమాపణగా నడుం దాకా వంగి అలాగే ఉండిపోయాడు. ఈయనదేదో కింద పడిందనుకుని సూపర్‌వైజరు బల్ల కింద వెతికాడు.

"పడుకోమన్నది నేనే. అలసిపోయాడు. మంచి పనివాడు," అన్నాడు మేనేజరు.

"మీరు పడుకుంటే మీ కంపెనీ ఊరుకుంటుంది సార్. వీణ్ణి చూసి రేపు నా డ్రైవర్లంతా పడుకుంటారు. ఖలాస్."

శుక్రవారం మధ్యాహ్నం నేను క్యాంపుకెళ్ళాను. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాళ్ళు రెండంతస్తుల మంచాల మీద గురకపెడుతున్నారు. అతనొక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన సర్దిన సూట్‌కేసు.

"ఇప్పుడైనా కంటినిండా పడుకోవయ్యా," అన్నాను. అది జోకనుకున్నాను.

"వస్తలేదు సార్," అన్నాడు గొంతు తగ్గించి. "కన్ను మూస్తే ఎవలో అద్దం కొట్టినట్టయితది. ఇంటికి ఫోన్ జేసిన. లీవుల వస్తున్న అని చెప్పిన. ఎన్ని దినాలుంటవని అడిగింది మా ఆమె."

"ఏం చెప్పావు?"

"శానా దినాలు అన్న. మస్తు సంబరపడ్డది."

పై మంచం మీద ఎవరో నిద్రలోనే విసుక్కున్నారు. మేము మాట్లాడటం ఆపేశాం.