ఏసోబు కోసం కుట్టిన తేలిక బ్యాగు

అది 2023 నవంబరు. గుంటూరు బ్రాడీపేటలో నాది ట్రెక్కింగ్ సామాను కొట్టు. ఎండకు మాడిపోయే ఈ ఊళ్లో మంచు కొండలకు పోయే సామాను ఎవరు కొంటారని మొదట్లో నవ్వని మనిషి లేడు. నవ్వినవాళ్ల పిల్లలే ఇప్పుడొచ్చి టెంట్లు బేరమాడుతున్నారు. మా నాన్న మిర్చి యార్డులో బస్తాల మీద కప్పే పట్టాలు కుట్టేవాడు. ఆ మిషను మీదే నేను బ్యాగులు కుడతాను, పాతవాటికి మరమ్మతులు చేస్తాను. నాకు నోరు కాస్త ఎక్కువ. కొనడానికి వచ్చినవాళ్లను కూడా తిడతానని పేరుంది. చాలావరకు నిజమే.

మా పనిలో ముఖ్యమైన మాట బేస్ వెయిట్. తిండీ నీళ్లూ కాకుండా వీపు మీద మోసే బరువన్నమాట. దాన్ని తగ్గించడమే మా విద్య. టూత్‌బ్రష్ పిడి సగానికి విరుస్తాం, తువాలు సగానికి కోస్తాం. పట్టీలు మనిషి భుజాలకు సరిపోయేట్టు బిగించాక, వేలాడే కొసలు కత్తిరించి అంచు కాలుస్తాం. బెత్తెడు పట్టీ ఏపాటి బరువండీ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ బరువైనా బెత్తెడు బెత్తెడుగానే కదా చేరేది! ఏటా చలికాలం మొదట్లో, ఆ ఏడాది నాకు బాగా నచ్చిన తేలిక సామానంతా ఒక గోడకు తగిలిస్తాను. ఆసారి పిడికిట్లో పట్టే వాన కోటు, ఒంటి మనిషి టెంటు, టైటానియం గ్లాసు, నేను కుట్టిన బూడిదరంగు బ్యాగు పెట్టాను. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో వేశాను.

ఆ ఫోటో ఎవరో చూపిస్తే మార్టూరు నుంచి బస్సెక్కి వచ్చాడు ఏసోబు. నలభై ఏళ్లుంటాయేమో. గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో పని. చొక్కా ఇస్త్రీ చేసుకుని చర్చికి వెళ్లేవాడిలా తయారై వచ్చాడు. కొట్టు మెట్లు ఎక్కి, కౌంటరు పట్టుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత గోడ చూపించి, వీటిలో అన్నిటికంటే తేలికైనవి కావాలన్నాడు. ఉత్తరాన మంచు కొండల మీద కొన్నాళ్లు ఉండి రావాలట. బరువు మోస్తే ఆయాసం వస్తోందట, అందుకని బరువే లేని బ్యాగు కావాలట. అలాంటిది దేవుడు కుట్టాలి తమ్ముడూ అన్నాను. నవ్వబోయాడు, దగ్గు తెర కమ్మింది.

ఖాళీ బ్యాగు తగిలిస్తే కొలత తెలియదు. లోపల బరువు పెట్టి వీధి చివరిదాకా నడిపించి చూడాలి. నా దగ్గర బరువులంటే గ్రానైట్ ముక్కలే, ఇళ్లు కట్టే చోట ఊరికే దొరికేవి. వాటికి గుడ్డ సంచులు కుట్టి పెట్టుకున్నాను. ఏసోబు ఒక సంచి మూతి విప్పాడు. ముక్క బయటికి తీసి బొటనవేలితో రుద్దాడు.

"ఇది మా దగ్గర పాలిష్ అయిన రాయేనండీ. దీన్ని మొయ్యను అక్కయ్యా. బియ్యం పొయ్యండి."

ఇంకెవరైనా అయితే బడాయి అనేదాన్ని. అతని మొహం చూసి, పక్క కిరాణా కొట్టు నుంచి బియ్యం తెచ్చి పోశాను.

సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త తగ్గించమనేవాడు. లోపలి జేబు తీసేశాను. బరువును భుజాల మీంచి నడుము మీదికి దించే హిప్ బెల్టును పలచటి గుడ్డతో మళ్లీ కుట్టాను. తను సర్దుకొచ్చిన సామానంతా బల్ల మీద పరిచి, ఇది ఎందుకు, అది ఎందుకు అని నేను గదమాయిస్తుంటే ఒక్కొక్కటీ పక్కన పెట్టేవాడు. రెండో చొక్కా తీసేశాడు. దుప్పటి తీసేశాడు. పేపర్లో చుట్టిన బెల్లం అచ్చు మాత్రం తియ్యలేదు. షెడ్డులో రోజూ సాయంత్రం యజమాని మనిషికో బెల్లం ముక్క ఇస్తాడట. గొంతులో దుమ్మును బెల్లం కిందికి లాగేస్తుందట. ఇన్నేళ్లూ అందరూ అదే తిన్నారు. ఎండాకాలం నీళ్లు చాలకపోతే రాయిని పొడిగానే రుద్దిస్తారు, అప్పుడు బెల్లం ముక్క కాస్త పెద్దది ఇస్తారు. నా కొట్టులో దుమ్ము మాస్కులు దండలా వేలాడుతున్నాయి. ఆ పెద్దమనిషికి బెల్లం చవగ్గా దొరికింది కాబోలు.

కొన్నవాళ్లను ఒక ఆదివారం కొండవీడు ఎక్కించి సామాను పరీక్ష చేయించడం నా అలవాటు. ఏసోబు కూడా వచ్చాడు. పొద్దున్నే చల్లగా ఉంది, రోడ్డు బాగుంది, వీపు మీద బ్యాగులో దాదాపు ఏమీ లేదు. రెండో మలుపు దగ్గర ఆగిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. మిగతావాళ్లను ముందుకు పంపేసి బ్యాగు విప్పి పక్కన పెట్టాను. బ్యాగు తీసేశాక కూడా అతని ఆయాసం తగ్గలేదు. ఇన్నాళ్లూ నేను తగ్గించినదేదీ అతనికి బరువు కాదని అప్పుడు అర్థమైంది.

రోడ్డు పక్క గోడ మీద కూర్చోబెట్టి, అసలు ఈ ప్రయాణం ఎందుకని నిలదీశాను. అప్పుడు చెప్పాడు. ఊపిరితిత్తుల్లో రాతి పొడి పేరుకుపోయిందని, దాన్ని సిలికోసిస్ అంటారని డాక్టరు చెప్పాడట. మందు లేదన్నాడట. దుమ్ము లేని గాలిలో ఉండమన్నాడట. మార్టూరులో దుమ్ము లేని వీధి ఏదని వెతికాడట. మంచు కొండల మీద అయితే ఒక్క రేణువు కూడా ఉండదని ఎవరో వీడియోలో చూపించారు. అక్కడ కొన్నాళ్లు పీల్చి వస్తే లోపల కడిగినట్టు అవుతుందని అతని ఆశ.

చెప్పకుండా ఉండగలిగితే ఎంత బాగుండేది! కానీ ఎత్తుకు మనుషుల్ని పంపడమే నా పని. ఎత్తంటే ఏమిటో నాకు తెలుసు.

"పైకెళ్లే కొద్దీ గాలి తగ్గిపోయిద్ది తమ్ముడూ."

"శుభ్రంగా ఉంటది కదండీ?"

"శుభ్రంగానే ఉంటది. చాలినంత ఉండదు. మంచి ఊపిరితిత్తులున్న మాకే చాలదు."

కొండ కింద పత్తి చేల వైపు చూశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు.

"అయితే నాకు చాలినంత గాలి ఎక్కడుందండీ?" అన్నాడు.

మెల్లగా కిందికి నడిపించి బస్సెక్కించాను. బ్యాగు మాత్రం ఉంచుకుంటానన్నాడు. ఉంచుకోమన్నాను.

మార్చిలో అతని భార్య రూతు వచ్చింది. మిర్చి సీజను, ఊరంతా ఘాటు. మామూలు మనుషులే తుమ్ముతూ తిరిగే రోజులు. ఆయన్ని ఈ ఊళ్లోకి తేలేక తను ఒక్కతే వచ్చింది. నేను కుట్టిన బ్యాగులో చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉంది. మంచం మీంచి వాకిట్లోకి రావాలన్నా అది వీపున ఉండాలట. నడుస్తుంటే లోపల అటూ ఇటూ కదులుతోందట. దాన్ని కదలకుండా పట్టే జేబు కుట్టాను, గొట్టం బయటికి రావడానికి కన్నం పెట్టాను. ఆయన భుజాలు బాగా తగ్గాయి, పట్టీలు లోపలికి తియ్యమంది. ఎంత లోపలికని అడిగితే తన చేత్తో చూపించింది. బిగించి, అలవాటు ప్రకారం మిగిలిన కొసలు కోసేసి అంచులు కాల్చాను.

తేలిక సామాను కోసం నేను పడ్డ తాపత్రయం మీద నాకు అసహ్యం వేసిన రోజు అది. అతనికి వీపు మీద నేను మిగిల్చిన బరువల్లా ఆ సిలిండర్‌లోని ఊపిరే. దాన్ని నా కత్తెర తగ్గించలేదు. తగ్గిస్తే మనిషే ఉండడు.

వానలు మొదలయ్యే ముందు ఏసోబు పోయాడు. ఆ చలికాలం నేను గోడ మీద ఏమీ తగిలించలేదు. ఈ ఏడాది మీకు నచ్చినవేవండీ అని అడిగినవాళ్లను తిట్టి పంపించాను.

తర్వాతి వేసవిలో రూతు మళ్లీ వచ్చింది. బ్యాగును ఉతికి, మడత పెట్టి తెచ్చింది. జ్ఞాపకంగా నాకు ఇవ్వడానికి తెచ్చిందేమో అనుకున్నాను.

"పట్టీలు వదులు చేసి ఇస్తారా వదిన గారూ? మా మరిదికి. ఆయనవి వెడల్పు భుజాలు."

ఏసోబు తమ్ముడు. అదే షెడ్డు, అదే జబ్బు. ఇంకా ముప్పై నిండలేదు. ఆ షెడ్డులో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగాను. రూతు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, చెయ్యి కొంగులో పెట్టేసుకుంది.

వదులు చెయ్యడానికి పట్టీలో ఏముంది, కొసలు నేనే కోసేశాను కదా. పాతవి విప్పి కొత్త పట్టీలు వేశాను, చాలా పొడుగువి. రూతు చూపించిన కొలతకు బిగించాక రెండు పక్కలా బెత్తెడు పైగా వేలాడాయి. నేను కత్తెర తీసుకోకపోవడం చూసి రూతు, ఇవి కొయ్యరా అని అడిగింది. ఉండనీ అన్నాను. ఎందుకని అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఒక్క పట్టీ కొస కూడా వదలని దాన్ని, ఆ రెంటినీ లోపలికి మడిచి, రేపు ఇంకొకరికి విప్పడానికి వీలుగా పైపైన కుట్టు వేసి ఇచ్చాను.