తలుపు దగ్గర ఆగిపోయిన సినిమా

మా తోడల్లుడు కథ చెప్తే వంటింట్లో ఏదో ఒకటి మాడేది. నా కథకు ఒక్కనాడు కూడా ఏదీ మాడలేదు. నా కడుపుమంటకు మొదలు అదే.

ఇది అర్థం కావాలంటే రాజంపేటలో మా మామ ఇల్లు ఎట్లుండేదో చెప్పాల. ముందర కిరాణా అంగడి, దాని వెనక నడవ, నడవ కొసకు వంటిల్లు. మా అత్త పాతకాలం మనిషి. అల్లుళ్ల ముందర కూర్చోవడం మాట అటుంచి నిలబడేది కూడా కాదు. నాకు పెండ్లయి పదేండ్లు దాటినా ఆమె ముఖం నేను సరిగా చూసింది లేదు. వంటింటి తలుపు ఓరగా వేసుకొని, దాని వెనక నుంచే ఇంట్లో మాటలన్నీ వినేది. నాతో ఏమన్నా చెప్పాలంటే నా భార్యతో చెప్పేది, నేను అక్కడే తింటా ఉన్నా సరే. "మే, పెద్దల్లున్ని ఇంకొంచెం పెరుగు ఏసుకోమను" అనేది. "మీ అమ్మతో చాలని చెప్పు" అని నేను. మధ్యలో నా భార్య ఎవరి మాటా ఎవరికీ చేరవేయకుండా తన అన్నం తాను తినేది.

అత్త సినిమా హాలుకు పోయే మనిషి కాదు. అందుకని అల్లుళ్లు వచ్చినప్పుడు సినిమా కథ చెప్పడం ఆ ఇంట్లో ఆచారమైపోయింది. నడవలో చాప మీద కూర్చొని తలుపుకు చెప్పాల. నిజంగానే తలుపుకు! ముఖం చూసి మెచ్చిందో లేదో తెలుసుకునే వీల్లేదు గనక నేను చప్పుళ్లను పట్టుకొని నేర్చుకున్నా. రోట్లో పచ్చడి దంచే చప్పుడు మందగిస్తే కథ కుదురుకుంటోందని గుర్తు. ఆగిపోతే నేను గెలిచినట్లు. పొయ్యి మీదున్నది మాడితే ఇంక ఆ కథకు తిరుగులేదు.

నేను కర్నూలులో బోరు మోటార్లు అమ్మేవాణ్ణి. ఊరూరు తిరిగే పని, నోటితో బతికే పని. నేను చెప్పే సినిమాల్లో అసలు దానికంటే ఫైట్లు ఎక్కువుండేవి. హీరో చచ్చిపోతే బతికించేవాణ్ణి. కథ ఊటీలో జరిగినా విలన్‌ను మాత్రం అహోబిలం అడవికి తోలుకొచ్చి పులికి అప్పజెప్పేవాణ్ణి. అత్త రోకలి మందగించేది. ఒక్కోసారి ఆగేది. ఇంతకంటే ఏం కావాలని ఏండ్లు గడిపినా.

తర్వాత మా మరదలికి పెండ్లయి ఇతను వచ్చినాడు. కడపలో బట్టలంగడి. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, పిలిస్తే తప్ప పలకడు. కానీ కథ మొదలుపెట్టినాడంటే గిరాకీ ముందర పట్టుచీర విప్పినట్లే. ఒక మడత విప్పి ఆగుతాడు. మన ముఖం చూస్తాడు. ఇంకో మడత. మొదటిసారి వచ్చినప్పుడే ఏదో మామూలు కుటుంబ సినిమా చెప్తూ "ఆయమ్మ గడప దాటింది..." అని ఆపి, చెంబెత్తి నిదానంగా నీళ్లు తాగినాడు. ఆ నీళ్లు అతని గొంతు దిగేలోపల వంటింట్లోంచి చెనిక్కాయ విత్తనాలు మాడిన వాసన. "అయ్యయ్యో" అని అత్త గొంతు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా, పండ్లన్నీ కనబడేట్లు. ఆ మాడిన విత్తనాల చట్నీ నా విస్తట్లో కూడా వేసినారు. అంత చేదు నేను వేపపువ్వులో కూడా ఎరగను.

ఆకాశం సినిమా సంగతి వచ్చింది ఒక ఎండాకాలంలో. రెండువేల సంవత్సరం దాటి కొన్నేండ్లయింది. ఇండ్లల్లోకి కేబుల్ వచ్చింది గానీ కరెంటు మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడే వచ్చేది. పిల్లల సెలవులకని రెండు సంసారాలూ రాజంపేటలో ఉన్నాం. ఒక ఆదివారం మధ్యాహ్నం పాత ఇంగ్లీషు సినిమా ఒకటి తెలుగు మాటలతో వేసినారు. లోకమంతా గొప్పదని చెప్పుకునే సినిమా అంట, మేం అల్లుళ్లం పుట్టకముందు తీసింది.

కథ శానా చిన్నది. కొత్తగా పెండ్లయిన పడుచువాడు పెండ్లాన్ని ఇంట్లో వదిలి, ఓడలాంటి యంత్రమెక్కి చుక్కల అవతలికి పోతాడు. అక్కడ కాలం మెల్లగా నడుస్తుందంట. వానికి రెండేండ్లు గడిచేసరికి ఇక్కడ భూమ్మీద యాభై ఏండ్లు అయిపోతాయి. తిరిగొస్తాడు. వాని మీసంలో ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు. ఎర్రటి బీడులో నడుచుకుంటూ వచ్చి తన ఇంటి ముందర నిలబడతాడు. మాటలు తక్కువ. ముక్కాలు సినిమా ఆ ఓడ తేలుతా ఉంటుంది, మనం చూస్తా ఉండాల.

వాడు తలుపు తట్టడానికి చెయ్యెత్తినాడు. కరెంటు పోయింది.

"పీడ పాయ!" అన్నాడు మా మామ. "అంతసేపూ ఓడనే తేలించినారు గదప్పా! ఆ సేపుకు నేను చింతపండు బస్తా విప్పి గింజ తీసుందును. ఇదొక సినిమానా?"

పక్కింటి టీచరమ్మ, మిషను బడిలో పనిచేసి రిటైరైన పెద్దామె, చర్చి నుంచి నేరుగా వచ్చి గోడకు ఆనుకొని చూసింది. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుంటోంది. "అట్లనద్దన్నా. వాడు ఆడే ఆకాశంలోనే సచ్చిపోయినాడు. అది ఇల్లు గాదు, పరలోకం వాకిలి."

"పరలోకానికి సున్నం కొట్టరా టీచరమ్మా? గోడలు పెచ్చులూడి ఉండాయే!" అన్నాడు మామ.

"పెండ్లాన్ని ఇడిసిపెట్టి ఊర్లు తిరిగేటోనికి తలుపు తీయగూడదు" అంది నా భార్య, నా వైపే చూస్తూ. మా మరదలు మాత్రం వాడు ఎంత అందంగా ఉన్నాడో అని ఒకటే మాట.

అప్పుడు తలుపు వెనక నుంచి వచ్చింది మా అత్త గొంతు. "మే, వాళ్లను అడుగు. ఆయమ్మ తలుపు తీసిందా, తీయలేదా?"

ఇన్నేండ్లలో ఆమె కథ కొస ఏమైందని అడిగింది అదే మొదలు. చెప్పింది విని ఊరుకునే మనిషి. ఈ ఒక్క కొస సరిగా చెప్పినానంటే ఆ తలుపు నాది, కడపాయన ఎన్ని చెంబులు నీళ్లు తాగినా సరే.

"ఈ సినిమా నేను చూసినా" అన్నా. చూడలేదు. చూడకపోవడం నాకెన్నడూ అడ్డం రాలేదు. "ఆ ఎర్రబీడు ఏదనుకున్నారు? మన ఓర్వకల్లు బండలే. షూటింగు కాడ నీళ్లకు మోటారు బిగించింది మా కంపెనీనే."

"మనం పుట్టకముందు తీసినారంట గదా?" అంది నా భార్య.

"కొస మాత్రం తర్వాత తీసినార్లే. ఇనండి. వాడు తలుపు తట్టినాడా, ఓడ అడుగున కరుచుకొని వచ్చిన రాక్షసుడు ఒకడు మిద్దె మీద నుంచి దూకినాడు. ఇద్దరూ కలబడినారు. బండలు పగిలిపోతాండాయి. వాడు బోరింగు పైపు పెరికి ఒక్క పోటు పొడిచినాడు. ఆ పొడిచిన చోట నీళ్లు పడినాయి, తాటిచెట్టంత ఎత్తు. ఊరంతా మేళాలతో వచ్చి..."

టక్, టక్, టక్. వంటింట్లో రోకలి మొదలైంది. మేళాలు నా నోట్లోనే ఆగిపోయినాయి.

మా తోడల్లుడు చొక్కా మడత సవరించుకున్నాడు. "నేనూ చూసినానన్నా. సరుకు కోసం మద్రాసుకు పోయినప్పుడు." చెంబు అందుకున్నాడు. నీళ్లు తాగినాడు. "వాడు తట్టలేదు."

రోకలి ఆగింది.

"చెయ్యెత్తినాడు. లోపల ఎవురో దగ్గినారు. ముసలి దగ్గు." ఆగినాడు. అంగట్లో ఎలుక బస్తా కొరికే చప్పుడు కూడా వినబడింది నాకు. "చెయ్యి దించుకున్నాడు. వచ్చిన దావనే..."

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి. మా మరదలు మొగుణ్ణి చూసిన చూపు నా భార్య నన్ను పెండ్లి పందిట్లో కూడా చూడలేదు.

కర్నూలుకు తిరిగొచ్చినా నాకు ఆ దగ్గు వదల్లేదు. స్కూటరు మీద పోతున్నా, మోటారు విప్పుతున్నా, ముసలి దగ్గు. అంత చిన్నదానితో అంత పెద్ద పని ఎట్ల చేసినాడు? అబద్ధమై ఉండాల. అబద్ధమని నిరూపిస్తే చాలు. పాత సీడీలమ్మే అంగళ్లన్నీ తిరిగితే, చివరికి ఒక సాయిబు దుమ్ము దులిపి తీసిచ్చినాడు. "ఏం సాబ్, ఇది ఎవురూ అడగరు. నిద్ర పట్టకపోతే మంచి దవా" అన్నాడు.

నేను ఒంటిగా చూడలేదు. చూస్తే ఆ రుచి పోతుంది. మళ్లీ రెండు సంసారాలూ రాజంపేటలో కలిసినప్పుడు, టీచరమ్మను కూడా పిలిపించి, కరెంటు ఉన్న పూట చూసుకొని పెట్టినా. ఓడ తేలింది, తేలింది, మా మామ ఒక కునుకు తీసినాడు. పడుచువాడు ఎర్రబీడు దాటినాడు. తలుపు ముందర చెయ్యెత్తినాడు. తెర నల్లగా అయిపోయింది. పేర్లు పైకి పోవడం మొదలైంది.

అంతే. ఈసారి కరెంటు పోలేదు. సినిమా అంతవరకే. రాక్షసుడు లేడు సరే, దగ్గు కూడా లేదు.

"దగ్గు ఏదబ్బయ్యా?" అన్నా, పండగ చేసుకుంటూ.

అతను తొణకలేదు. "మద్రాసులో ఆడిన దాంట్లో ఉండిందన్నా."

నా పండగ అక్కడే చప్పబడిపోయింది. ఆ మాట నాది. ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ నా కథ అబద్ధమని దొరికిపోయినప్పుడు ఎన్నిసార్లు చెప్పి తప్పించుకున్నానో, ఆ మాట. అంటే ఇతనూ చూడలేదు. ఇతనూ నాలాగే కూర్చున్నచోట అల్లినాడు. నిజం చెప్పేవాని చేతిలో ఓడిపోయినానంటే మనసు ఎట్లనో సర్దుకునేది. ఇతను నా పనే నాకంటే బాగా చేస్తాడు. అది ఎట్ల మింగాల?

"రీలు అయిపోయింటుంది వాళ్లకు, అందుకే ఆపినారు" అన్నాడు మా మామ లేచి కూర్చుంటూ. టీచరమ్మ పరలోకం మళ్లీ ఎత్తుకుంది. నా భార్య తీయగూడదని, మరదలు తీయాలని. మళ్లీ జగడం.

"మే" అంది తలుపు వెనక నుంచి అత్త. "పెద్దల్లునికీ చిన్నల్లునికీ చెప్పు. ఇద్దరూ తలుపు బయట ఉన్నోని సంగతే చెప్పినారు. లోపల ఒక మనిషి ఉండాది గదా. దాని సంగతి ఎవురూ చెప్పరేమి?"

ఆమె కథ చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మా మామ కూడా విననట్లుంది, నోరు తెరుచుకొని చూస్తున్నాడు.

"ఆయమ్మకు అడుగుల సప్పుడు ఇనపడింది. ఎవురో దావన పోయేటోళ్లనుకునింది. తలుపు కొంచెమే తీసింది. చూస్తే పాతికేండ్ల పిల్లోడు. ఎవురు నాయనా, యాడికి పోవాల అనింది. వాడు చూసినాడు. తలంతా తెల్లగా, నోట్లో పండ్లు లేవు. నేనే అని చెప్పను నోరు రాలేదు వానికి. దాహమైతాంది అవ్వా అన్నాడు. పెండ్లాన్ని అవ్వా అన్నాడు, చూడు. ఆయమ్మ పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. వాడు ఎత్తి పోసుకున్నాడు. పోసుకుంటే సగం నీళ్లు ఎడమపక్క మెడ మీద కారిపోయినాయి."

రోకలి లేదు, పొయ్యి లేదు. ఆమె ఊపిరి తీసుకున్నది వినబడింది.

"అప్పుడు గుర్తుపట్టింది. పట్టకుండా యాడికి పోతుంది? పెండ్లయిన కొత్తలో అట్లనే అంగీ తడుపుకుంటాంటే తిట్టేది గదా. గుర్తుపట్టి సప్పుడు చేయకుండా చెంబు తీసుకునింది. వానికి ఇంకా బతుకంతా ఉండాది. ముసల్దాన్ని కట్టుకొని ఏం చేస్తాడు? ఎండ తగ్గినాక పో నాయనా అనింది. తలుపేసుకునింది." ఆగి, "మే, అన్నం చల్లారిపోతాంది, ఆకులేయి" అంది.

ఎవరూ లేచి ఆకులేయలేదు. టీచరమ్మ ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. మా మామ తలుపు వైపు చూస్తున్నాడు, ఆ తలుపు ఎవరో కొత్తగా బిగించి పోయినట్లు. నేను తోడల్లుని వైపు చూసినా, అతను నా వైపు చూసినాడు. పెండ్లయిన నాటి నుంచి ఇద్దరి కండ్లల్లో ఒకటే మంట ఉండడం అదే మొదలు. ఇన్నేండ్లూ మేము ఎవరికి కథలు చెప్తా వచ్చినామో ఆమె మా ఇద్దర్నీ అన్నం వార్చినంత సులువుగా దాటిపోయింది.

"అన్నా" అన్నాడు అతను చేతులు కడుక్కునే కాడ, గుసగుసగా. "ఇది నేను కడపలో చెప్పను. నువ్వు కర్నూల్లో చెప్పాకు."

"చచ్చినా చెప్పను" అన్నా. మాట మీద నిలబడినాం కూడా. పెద్దమనుషులమని కాదు, ఓర్వలేక.

కానీ టీచరమ్మను ఎవరు ఆపుతారు? ప్రార్థన అయినాక చెట్ల నీడలో ఆడవాళ్లకు చెప్పింది. ఇదొక సినిమానా అన్న మా మామ బెల్లం తూచుతూ ప్రతి గిరాకీకీ చెప్పినాడు. సినిమా పేరు కూడా తెలియనోళ్లు అది శానా మంచి సినిమా అనడం మొదలుపెట్టినారు. మేము రాజంపేటకు పోయినప్పుడల్లా నడవలో చాప పరిచేవాళ్లు గానీ "మీ అత్తను ఆ నీళ్ల కథ చెప్పమనండి" అని వీధి ఆడవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. మేమిద్దరం అంగట్లో పక్కపక్కన స్టూళ్ల మీద కూర్చొని ఈగలు తోలుకునేవాళ్లం.

ఒకటి రెండేండ్ల తర్వాత రాజంపేట నుంచి కర్నూలుకు బస్సులో వస్తున్నా. ఆళ్లగడ్డలో ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. అహోబిలంలో గుండు కొట్టించుకొని వస్తున్నాడు, నెత్తిన చందనం ఇంకా ఆరలేదు. మాటల మనిషి. అదీ ఇదీ అయినాక "ఆకాశంలో పోయొచ్చిన పిల్లోని సినిమా చూసినావాప్పా?" అని మొదలుపెట్టినాడు. చెంబు, ఎడమపక్క మెడ, అవ్వా అనడం, అన్నీ. నంద్యాల టాకీసులో తన కండ్లతో చూసినాడంట.

నా కడుపులో మంట లేచింది. "అట్ల లేదప్పా దాంట్లో" అన్నా. "చెయ్యెత్తుతాడు, తెర నల్లగైతుంది, అంతే. తలుపు తీయరు, నీళ్లియ్యరు. సీడీ నా ఇంట్లోనే ఉండాది."

నా బతుకులో ఒక సినిమాను ఉన్నది ఉన్నట్లు చెప్పడం అదే మొదటిసారి.

ఆయన నన్ను కిందికీ పైకీ చూసినాడు. "ఏం కోతలు కోస్తాండావప్పా! అంత పెద్ద సినిమా తీసినోళ్లు తలుపు కాడ ఇడిసిపెట్టి పోతారా? ఎవురికన్నా చెప్పు, నమ్ముతారు" అని నవ్వి, ముందు సీటులో ఉన్నాయన భుజం తట్టి అతనికి మొదట్నుంచీ చెప్పడం ఎత్తుకున్నాడు.

నేను కిటికీ వైపు తిరిగినా గానీ చెవులు అతని దగ్గరే ఉన్నాయి. తలుపేసుకోవడం దాకా మా అత్త చెప్పినట్లే చెప్పినాడు. దాని మీద ఒకటి కలిపినాడు. లోపలికి పోయి ఆయమ్మ చెంబులో చూస్తే అడుగున రెండు గుక్కల నీళ్లు మిగిలి ఉండాయంట. అవి పారబోయకుండా ఎత్తి తాగిందంట, ఎడమపక్క కారేట్లు.

ముందు సీటాయన నోరు తెరిచి అట్లే ఉండిపోయినాడు. ఆ రెండు గుక్కలు నాకెందుకు తట్టలేదా అని కర్నూలు బస్టాండులో దిగేదాకా కుళ్లుకుంటూనే ఉన్నా.