మాస్టారి మంచు కబుర్లు

మేం పనిచేసే స్వెటర్ల దుకాణంలో కిటికీ పక్క అల్లిక మెషీను, అందరం అక్కా అని పిలిచే ఆవిడది. నాది దాని పక్కది. అక్క భర్త బడిలో సైన్సు మాస్టారు. గురువారం పొద్దున్నే రేడియోలో వాతావరణం గురించి కాసేపు మాట్లాడేవారు. మొదట్లో ఆయన చెప్పేది ఎవరికీ ఎక్కేది కాదు. "ఇంట్లో సంగతులు కలిపి చెప్పండి మాస్టారూ, జనం వింటారు" అన్నాడు రేడియో స్టేషను పెద్ద. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే.

ఆ వారం మంచు గురించి చెప్పారు.

"పగలంతా కాగిన నేల రాత్రి ఆ వేడిని పైకి వదిలేస్తుంది. మబ్బు దుప్పటి లాంటిది, ఉంటే వేడిని కాస్త ఆపుతుంది. మబ్బు లేని రాత్రి నేల బాగా చల్లబడి, దాన్ని తాకిన గాలిలోని తేమ బొట్లు కడుతుంది. పొద్దున గడ్డి మీద మీరు చూసేది అదే. మా ఆవిడా అంతే. రాత్రి దాకా కాగుతుంది, తెల్లారేసరికి చల్లబడి కళ్ల కింద రెండు బొట్లు."

దుకాణంలో రేడియో వింటున్న అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. ఆ రోజు నుంచి వీధిలో ఆమె పేరు మంచుబొట్టు. కూరలమ్మే ఆవిడ కూడా "ఏం మంచుబొట్టూ, ఇవాళ కురిశావా?" అనేది. మాస్టారు నలుగురి నోళ్లలో నానడం మొదలుపెట్టారు. ఎదురొచ్చినవాళ్లు ఆగి దండం పెట్టేవాళ్లు.

చలి ముదిరాక పొగమంచు వంతు వచ్చింది.

"గాలిలో ఎంత తేమ ఉన్నా దానంతట అది చుక్క కట్టదు. పట్టుకోవడానికి ఒక రేణువు కావాలి. దుమ్మో, పొగ నుసో, ఏదో ఒకటి. మా ఇంట్లో చూడండి, తేమకి కొదవ లేదు. మా ఆవిడ దగ్గర రేణువే లేదు. అందుకే మా ఇంట్లో ఉయ్యాల కట్టలేదు."

మెషీన్లు ఆగిపోయాయి. యజమాని ఒక్కడే గల్లాపెట్టె దగ్గర పడీపడీ నవ్వాడు. అక్క తెగిన దారం ముడి వేసుకుని మళ్లీ పనిలో పడింది.

ఇంట్లో అడిగిందట. "ఆ మాట ఎలా అనగలిగారండీ? లోపం ఎవరిదో డాక్టరు మనిద్దరికీ చెప్పాడుగా."

"అది రేడియోలో చెప్పమంటావా? నా పరువేం కావాలి?"

"మరి నాది?"

"మన వీధి దాటితే నిన్నెవరు గుర్తుపడతారే" అని ఆయన అన్నం కలుపుకున్నారు.

అక్క నాకు చెప్పింది. పక్కింటి పిన్నిగారికి కూడా చెప్పింది. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందమ్మా. అయినా అంత చదువుకున్నాయన సైన్సు తప్పు చెబుతాడా" అందట ఆవిడ.

చలికాలం చివర మాస్టారికి సన్మానం చేశారు. హాలు కిక్కిరిసింది. సగం మంది వచ్చింది ఆ పెళ్లాం ఎలా ఉంటుందో చూద్దామనే. శాలువా కప్పాక స్టేషను పెద్ద మైకు అక్క చేతికిచ్చి, "మీరూ ఒక ముక్క చెప్పండమ్మా" అన్నాడు.

అక్క జనం వైపు తిరిగింది. "రేణువు లేనిది నా దగ్గర కాదు, ఈయన దగ్గర. డాక్టరు చెప్పిన రోజు నా కాళ్లు పట్టుకుని ఏడ్చారు, ఎవరికీ చెప్పొద్దని. ఇన్నేళ్లూ చెప్పలేదు."

హాలు పగలబడి నవ్వింది. మాస్టారే రాసిచ్చి పలికించారనుకున్నారు అందరూ. మాస్టారు కూడా నవ్వి చప్పట్లు కొట్టారు. కొట్టక ఏం చేస్తారు?

"జోడీ అదిరింది, ఇకనుంచి ఇద్దరూ రండి" అన్నాడు స్టేషను పెద్ద. కాదనడానికి మాస్టారికి కారణం దొరకలేదు.

మరుసటి చలికాలానికి అక్క ఆయన పుస్తకాలన్నీ చదివేసింది. ఊపిరి గురించి తనే చెప్పింది.

"చలిలో నోట్లోంచి వచ్చేది పొగ కాదండీ. ఒంట్లోని వెచ్చటి తేమ బయటి చలి తగలగానే సన్నటి నీటిచుక్కలై కనిపిస్తుంది. అడుగు దూరం పోగానే గాలిలో కలిసిపోతుంది. అచ్చం మా ఆయన మగతనం. నోటి దగ్గర ఉన్నట్టే ఉంటుంది, తర్వాత వెతికినా దొరకదు."

ఊరు ఊరంతా నవ్వింది. బస్సు స్టాపులో కుర్రాళ్లు మాస్టారి ముఖం మీదికి ఊపిరి ఊది, "కనిపిస్తోందా మాస్టారూ?" అనేవాళ్లు. ఆయన టీకొట్టుకి వెళ్లడం మానేశారు. బల్ల మీద పిల్లలు ఏదో బొమ్మ గీశారని బడికీ సెలవు పెట్టారు.

"ఇక ఆపేద్దామే" అన్నారట ఒకరోజు.

"మీరు మానెయ్యండి. నేను వెళతాను."

"చాల్లే అక్కా, చచ్చిన పామునెందుకు కొడతావు" అన్నాను నేను కూడా.

"నాకూ అలాగే అనిపిస్తుందే. మైకు ముందు కూర్చోగానే నోరు ఆగదు" అంది.

ఆ చలికి మాస్టారి ఛాతీలో నెమ్ము చేరింది. చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. సెలైన్ మార్చడానికొచ్చిన నర్సు ఆయన్ని గుర్తుపట్టి చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇంకో నర్సుని కూడా పిలిచింది. ఇద్దరూ కలిసి చూశారు. మాస్టారు గోడవైపు తిరిగారు. అక్క స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది. ఆయనకి పెడుతుందనుకున్నాను. తొన తర్వాత తొన తనే తిని, తొక్కలు నా చేతిలో పెట్టింది పారేయమని.

ఆయన బతికి ఇంటికొచ్చారు. వెనక గదిలో ఉంటారు, ఎవరితోనూ మాట్లాడరు. అక్క వేళకి అన్నం పెడుతుంది, మందులిస్తుంది. గురువారం పొద్దున్నే స్టేషనుకి వెళ్లేముందు, ఆయనకి చలిగాలి తగలకుండా అంటూ ఆ గది తలుపు దగ్గరగా వేస్తుంది. గడియ మాత్రం బయట నుంచి పెడుతుంది.