వాగు దాటిన ఎర్ర ఆంబోతు

మొన్న పశువుల దవాఖానా నుంచి వచ్చిన కుర్రాడు మా దొడ్లోని ఎర్రకోడెను చూసి, ఇది ఉంటే మేలుజాతి చెడిపోతుందమ్మా, విత్తులు నొక్కేస్తానంటూ ఇనుప పటకారు తీశాడు, నేను చీపురుకట్ట తీశాను. వాడు బండెక్కి పారిపోయేదాకా వదల్లేదు. డెబ్బై ఏళ్లకు ఇంత కోపమేమిటని మా కోడలు నవ్వింది గానీ, ఆ పటకారు చూడగానే నాకు గుర్తొచ్చింది మా నాన్న చేతిలోని రోకలి.

మాది కోస్తా నుంచి వలస వచ్చిన కుటుంబం. కల్లూరులో కొన్నాళ్లుండి, టేకులపల్లి వైపు అడవి అంచున కౌలుకు దిగాం. నాన్న వెంట తోలుకొచ్చినవి తెల్లటి, ఏపైన ఆవులు, వాటికి తగ్గ ఆంబోతు. వాగవతల గూడెంవాళ్లవి పొట్టి ఎర్ర పశువులు; పిడుదులూ, ఎండుగడ్డీ, పులిభయమూ ఏటేటా జల్లెడ పట్టగా మిగిలిన మొండిఘటాలు. వానాకాలమంతా వాగు రెండు మందల్నీ విడదీసేది. ఎండాకాలం అది ఎండిపోగానే గూడెపు ఆంబోతు ఇసుకలో నడిచొచ్చి మా ఆవుల్లో కలిసేది, మరుసటేడు మా దూడల మీద ఎర్రమచ్చలు తేలేవి. అవి చూస్తే నాన్నకు ఒళ్లు మండిపోయేది.

ఒక వేసవి పొద్దున రెండు ఆంబోతులూ వాగులో తలపడ్డాయి. ఎర్రది కిందనుంచి దూరి మా తెల్లదాని పొట్ట చీల్చేసింది. పాపం, పేగులు ఈడ్చుకుంటూ ఇంటిదాకా వచ్చి, పాక ముందే కూలిపోయింది. నాన్న పాలేర్లచేత ఎర్రదానికి పగ్గాలు వేయించి, పడదోయించి, రాతి మీద పెట్టి రోకలితో విత్తులు చితగ్గొట్టాడు. ఆ అరుపుకు గూడెమంతా పరుగెత్తుకొచ్చింది. దాన్ని పెంచిన వాగవతలి తాత నాన్న గొంతు పట్టుకున్నాడు, నాన్న రోకలి తిప్పి ఆయన భుజం విరగ్గొట్టాడు. అమ్మ అడ్డుపడకపోతే ప్రాణమే పోయేది. తాత ఇసుకలో కూలబడి, "మా మందకంతా గదొక్కటే ఆంబోతు దొరా, ఇగ మా ఆవులేం గావాలె?" అని ఏడ్చాడు. మా నాన్న మీద నాకు అసహ్యం కలిగింది ఆ రోజే.

ఆ వానల్లో గొంతువాపు తగిలింది. పొద్దున మేసిన ఆవు సాయంత్రానికి నాలుక వెళ్లబెట్టి, గురక పెట్టి చచ్చేది. తెల్లవి వరసగా పడిపోయాయి, ఎర్రమచ్చల పెయ్యలు మాత్రం నురగలు కక్కి కక్కి మళ్లీ లేచి నిలబడ్డాయి. చుట్టుపక్కల మరో ఆంబోతు లేదు, వాటికి చూలు కట్టించాలంటే ఆ ఎర్రదే కావాలి, ఎంత ఖర్మ చూడండి! దెబ్బ పూర్తిగా తగల్లేదేమోనన్న ఆశతో నాన్న తలపాగా చంకలో పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని వాగు దాటాడు. చెయ్యి లేవని తాత పొలం వైపు చూపించాడు. ఎర్రది కాడి కింద తల వంచుకుని నడుస్తోంది.

"అగో, ఆడున్నది. నువ్వే అడుగు పో."

నాన్న గట్టు మీదే కూర్చుని తల బాదుకున్నాడు.

అయితే రోకలి పడకముందే ఆ ఎర్రదానికి చూలు కట్టిన మా ముసలి ఆవు ఒకటి, జబ్బుకు ఎలాగో తట్టుకుని, ఎర్ర కోడెదూడను ఈనింది. అది ఎదిగాక నాన్న తనే దాన్ని వాగు దాటించాడు. తాత మంచి చేత్తో పగ్గం అందుకున్నాడు. అప్పటినుంచి అది రెండు మందలదీ అయింది.

మా దొడ్లోది దాని వంశమే. ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది, గూడెంలో ట్రాక్టర్లున్నాయి, మంద లేదు. వేసవిలో మా కోడె ఇసుకలోకి దిగి, అవతలి ఒడ్డుకేసి రంకె వేస్తుంది. అటు ఒక్క ఆవైనా మిగిలి ఉంటే, పగ్గం పట్టుకుని నేనే దాటించేదాన్ని.